ఏడో సంతకం

2022 నవంబరు నెలలో ఒక సాయంత్రం, మా ఊళ్ళో అందరూ మాస్టారు అని పిలుచుకునే విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు మా ఇంటి అరుగు మీద కూర్చుని, చేతిసంచిలోనుంచి నాలుగు టైపు కాగితాలు తీసి, "గుమాస్తా గారూ, ఆరుగురం కుదిరామండీ, ఏడో సంతకం మీరు పెట్టాలి" అన్నారు. అవి మా ఊళ్ళో పెట్టదలచిన సైన్సు సంఘం కాగితాలు. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఒక సంఘం నమోదు కావాలంటే కనీసం ఏడుగురు సంతకాలు చేయాలి కాబట్టి, నా వల్ల వారికి కావలసిందల్లా పేరు, చిరునామా, వృత్తి అనే మూడు గడులు నిండడమేనని నాకు అప్పుడే అర్థమైంది. నేను వ్యవసాయ సహకార పరపతి సంఘంలో 31 సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి. జమాఖర్చులు, తీర్మానాల పుస్తకాలు, సర్వసభ్య సమావేశాల హాజరు పట్టీలు నాకు బాగా తెలుసు. సైన్సు మాత్రం పదో తరగతితోనే నన్ను వదిలిపోయింది. అయినా సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

2019 డిసెంబరు 26 ఉదయం సూర్యగ్రహణం పట్టింది. కేరళ, తమిళనాడుల్లో కొన్నిచోట్ల ఉంగరంలాగా కనిపించిన ఆ గ్రహణం మా కోనసీమలో పాక్షికంగానే కనిపించింది. ఇంట్లోవారు తలుపులు వేసుకుని కూర్చున్నారు. నేను పెరట్లో మామిడిచెట్టు కింద కుర్చీ వేసుకుని ఆ విడత కొబ్బరి దింపు లెక్క రాసుకుంటున్నాను. తొమ్మిదిన్నర ప్రాంతంలో పుస్తకం మీద పడుతున్న వెలుగు మచ్చలన్నీ నెలవంకల్లాగా మారిపోయాయి. కళ్ళజోడు మీద మరకేమో అనుకుని తుడుచుకున్నాను. పుస్తకాన్ని పక్కకు జరిపాను. నెలవంకలు పుస్తకం మీదినుంచి నేల మీదికి దిగాయే తప్ప పోలేదు. సాయంత్రం మాస్టారిని అడిగితే, ఆకుల మధ్య సందులు సూదిబెజ్జాల్లాగా పనిచేస్తాయనీ, నేల మీద పడే ప్రతి మచ్చా ఒక సూర్యబింబమేననీ, మామూలు రోజుల్లో సూర్యుడు గుండ్రంగా ఉంటాడు కాబట్టి మచ్చలూ గుండ్రంగా ఉంటాయనీ చెప్పారు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఆ చెట్టు కిందే కూర్చుంటున్నాను. చెట్టు నీడలో గుండ్రని మచ్చలు ఎందుకుంటాయన్న ప్రశ్న ఒక్కనాడూ నాకు తోచలేదు.

అదే రోజు మాస్టారికి మరోచోట పరాభవం జరిగింది. గ్రహణం పట్టినంతసేపూ ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో రోకలి నిలబెడితే అది ఆధారం లేకుండా నిలుస్తుందనీ, విడవగానే పడిపోతుందనీ మా వైపు నమ్మకం. మా వీధిలో నిలబెట్టిన రోకలి నిలబడింది. అక్కడికి వెళ్ళిన మాస్టారు, ఇది మూఢనమ్మకమనీ, చదువుకున్నవాళ్ళు కూడా ఇలా చేయడం సిగ్గుచేటనీ గట్టిగా అన్నారు. ఆయన చెప్పింది నిజమే. అయితే ఆ రోకలి వారందరి కళ్ళ ముందే నిలబడి ఉంది. కళ్ళ ముందు నిలబడి ఉన్న రోకలిని చూసి సిగ్గుపడమంటే ఎవరికైనా కోపమే వస్తుంది. ఒకావిడ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు చాలా కాలం తన చెవుల్లో ఉండిపోయిందని మాస్టారే తర్వాత నాతో అన్నారు.

2022 అక్టోబరు 25న, దీపావళి మరునాడు, సూర్యాస్తమయ వేళకు మళ్ళీ పాక్షిక గ్రహణం వచ్చింది. ఈసారి మాస్టారు గ్రహణానికి మూడు రోజుల ముందే, మా కూడలిలో టిఫిను దుకాణం నడిపే అక్క దగ్గరికి వెళ్ళి, "ఒకసారి ఇప్పుడు రోకలి నిలబెట్టి చూపిస్తావా అమ్మా" అని అడిగారు. ఆవిడ నవ్వి, తన పిండి రోకలిని నేల మీదే నిలబెట్టి చేతులు వదిలేసింది. అది నిలబడింది. ఆ తర్వాత ఆవిడ చెప్పిన మాట ఏ పుస్తకంలోనూ లేదని మాస్టారు ఇప్పటికీ అంటారు: పొన్ను (రోకలి అడుగున బిగించే ఇనుప కట్టు) అరిగి సమంగా ఉన్న రోకలి ఎప్పుడైనా నిలబడుతుందట, కొత్త పొన్ను వేసిన రోకలి మాత్రం గ్రహణం రోజున కూడా ఓ పట్టాన నిలబడదట. వస్తువు భారమంతా ఒకచోట కేంద్రీకరించినట్టు లెక్కించే బిందువునుంచి గీసిన నిలువు గీత అడుగుభాగం లోపల పడినంతకాలం వస్తువు నిలుస్తుందన్నది శాస్త్రం. అడుగు ఎంత సమంగా, ఎంత వెడల్పుగా ఉంటే అంత తేలిక. అక్కకు ఆ మాటలు తెలియకపోయినా విషయం తెలుసు. మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఎవరూ అడగలేదు కదండీ" అంది.

ఆ గ్రహణానికి కొబ్బరి వర్తకులొకరు 40 జతల గ్రహణం కళ్ళజోళ్ళు తెప్పించారు. ఎక్స్‌రే ఫిల్ములూ, నల్ల కళ్ళద్దాలూ, మసి పూసిన గాజుపలకలూ పనికిరావనీ, కంటికి కనపడని కిరణాలను కూడా ఆపగలిగిన ఐఎస్ఓ 12312-2 ప్రమాణం గల కళ్ళజోళ్ళే వాడాలనీ మాస్టారు పట్టుబట్టడం వల్ల కొంచెం ఖర్చయింది. సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి దిగే లోపల కాలువ గట్టు మీద చాలామంది చూశారు. ఇంకా తెప్పిద్దామని కొందరు చందాలు కూడా ఇచ్చారు. చిక్కు అక్కడే వచ్చింది. ఆ డబ్బంతా మాస్టారి సొంత ఖాతాకు ఫోనులో పంపినది. వారం తిరక్కుండానే, మాస్టారు గ్రహణం పేరు చెప్పి చందాలు వసూలు చేస్తున్నారన్న మాట రచ్చబండ దగ్గర పుట్టింది. సహకార సంఘంలో అంతకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి, రసీదు లేని రూపాయి ఎంత మంచివాణ్ణయినా ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ నెలవంకలతో పాటు ఈ రసీదుల విషయం కూడా నా చేత ఏడో సంతకం పెట్టించింది. పెడుతూ ఒక్క షరతు పెట్టాను: కోశాధికారి నేనే.

కొత్త సంఘం అవసరమా అన్న ప్రశ్న మాలోనే వచ్చింది. సైన్సును జనంలోకి తీసుకువెళ్ళే సంస్థలు మనకు లేకపోలేదు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1962లో సైన్సు రచయితల కూటమిగా మొదలై ఊరూరా శాఖలున్న ఉద్యమమైంది. మన రాష్ట్రంలో 1988 ఫిబ్రవరి 28న ఏర్పడిన జన విజ్ఞాన వేదిక అక్షరాస్యత ఉద్యమంలో పనిచేసింది, పిల్లల కోసం చెకుముకి పత్రికను నడిపింది. మాస్టారు స్వయంగా ఆ వేదిక జాతాలలో, అంటే ప్రచార యాత్రలలో, తిరిగినవారే. అయితే మా ఏడుగురిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క రాజకీయం, ఇద్దరు నిత్యం గుడికి వెళ్ళేవారు. పెద్ద సంస్థలో చేరితే దాని అభిప్రాయాలన్నింటికీ మేము జవాబు చెప్పవలసి వస్తుందని కొందరు సందేహించారు. మా ఊరి పరిధిలో, మేము చేయగలిగిన పనులకు మాత్రమే కట్టుబడే చిన్న సంఘం చాలునని తీర్మానించుకున్నాము. ఆ నిర్ణయం మంచిదో కాదో నేను ఈనాటికీ గట్టిగా చెప్పలేను. పెద్ద సంస్థకు ఉండే పుస్తకాలు, శిక్షణ, అనుభవజ్ఞులు మాకు లేకపోయారు.

ఇక కాగితాల సంగతి. సంఘం నమోదుకు ముఖ్యంగా కావలసినవి రెండు: సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, కార్యవర్గ సభ్యుల వివరాలు ఉండే స్థాపన పత్రం ఒకటి; సభ్యత్వం, సమావేశాలు, కోరం, పదవీకాలం, లెక్కల తనిఖీ, సంఘం రద్దయితే ఆస్తి ఏమవుతుంది అన్నవి తెలిపే ఉపనియమాలు రెండోది. వీటికి సభ్యుల గుర్తింపు కార్డుల నకళ్ళు, సాక్షుల సంతకాలు, కార్యాలయంగా చూపిన ఇంటి పన్ను రసీదు, ఆ ఇంటి యజమాని సమ్మతి పత్రం, రుసుము కట్టిన చలానా జతచేయాలి. ఇంతవరకు వినడానికి తేలికగానే ఉంటుంది.

మేము మొదట ఆ పని ఒక దస్తావేజు లేఖరికి అప్పగించాము. ఆయన తన దగ్గర ఉన్న పాత నమూనాలో పేరు మార్చి ఇచ్చిన స్థాపన పత్రంలో మా ఆశయాలు 23 ఉన్నాయి. వాటిలో ఉచిత వివాహాలు జరిపించడం, శ్మశానవాటికను అభివృద్ధి చేయడం, కుట్టు మిషన్లు పంచడం కూడా ఉన్నాయి. సైన్సు 19వ అంశంగా ఒక్క మాటలో ఉంది. మాస్టారు ఆ కాగితాలు పక్కన పడేసి తానే రాస్తానన్నారు. ఆయన రాసినది మరో రకంగా ఇబ్బంది పెట్టింది. రాజ్యాంగం 51ఏ అధికరణంలో, 1976 నాటి 42వ సవరణ ద్వారా చేర్చిన ప్రాథమిక విధులలో, శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని ఉన్నది కదా, అక్కడినుంచి మొదలుపెట్టి సమాజాన్ని సమూలంగా మార్చడం వరకు ఆయన కలం ఆగలేదు. రెండు రాత్రులు కూర్చుని నాలుగు ఆశయాలకు తెచ్చాము: ఆకాశంలోనూ, నీటిలోనూ, నేలలోనూ జరిగేవాటిని ఊరివారితో కలిసి పరిశీలించడం, వాటి కొలతలు నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచడం, పిల్లలకు ప్రయోగాలు చేసే వీలు కల్పించడం, శాస్త్రజ్ఞుల చేత తెలుగులో ప్రసంగాలు ఇప్పించడం. మొదటి ఆశయంలో "ఊరివారికి తెలియజేయడం" అని ఉన్నదానిని "ఊరివారితో కలిసి పరిశీలించడం" అని మార్చినది మాస్టారే. నేను కారణం అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

పేరు దగ్గర ఒకసారి దెబ్బతిన్నాము. భీమవరంలో 1895లో పుట్టి, రాజమహేంద్రవరంలో చదివి, అమెరికా వెళ్ళి, శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు పెట్టాలని అందరికీ ఉండేది. గోదావరి నీళ్ళు తాగిన మనిషి పేరు కదా. కానీ అంతకుముందే నమోదై ఉన్న సంఘం పేరుతో కలిసే పేరును, దానిని తలపించే పేరును కొత్త సంఘానికి ఇవ్వరు; మేము కోరిన పేరుకు అలాంటి పోలిక ఉన్నదని దరఖాస్తు తిరిగి వచ్చింది. ఈ వెతుకులాట ముందే చేసుకోవలసింది, చేయలేదు, తప్పు మాదే. చివరికి ఊరి పేరే పెట్టుకున్నాము.

రెండోసారి మరీ చిన్న కారణానికి తిరిగి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి అమలాపురం కేంద్రంగా మాకు వేరే జిల్లా ఏర్పడింది. తర్వాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు వచ్చింది. మా ఆధారు కార్డులన్నింటిలో తూర్పు గోదావరి అనే ఉంది. స్థాపన పత్రంలో మూడుచోట్ల కొత్త పేరు, రెండుచోట్ల పాత పేరు పడింది. 31 సంవత్సరాలు కాగితాలు దిద్దినవాణ్ణి, నా కళ్ళముందు నుంచే ఆ తప్పు వెళ్ళిపోయింది. మళ్ళీ టైపు చేయించి, ఏడుగురి సంతకాలూ ప్రతి పేజీలోనూ తిరిగి పెట్టించవలసి వచ్చింది. ఏడుగురిలో ఒకరు రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసే కుర్రవాడు. అతను ఎప్పుడూ ఏదో ఒక చెరువు గట్టు మీద ఉంటాడు. అతని సంతకం కోసం నేను మోపెడును పంటు (నది దాటించే బల్లకట్టు) ఎక్కించి అవతలి లంకకు వెళ్ళి, చెరువు నీటికి గాలి ఎక్కించే ఏరేటరు హోరులో, అతని మోకాలి మీద కాగితాలు పెట్టి సంతకాలు చేయించుకున్నాను. ఫిబ్రవరి 28లోపల నమోదు పత్రం రావాలని మాస్టారి కోరిక. రామన్ తన పరిశోధనను 1928లో ఆ రోజున వెల్లడించినందుకే కదా 1987 నుంచి ఆ తేదీన జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకుంటున్నాము. పత్రం మార్చి మొదటి వారంలో వచ్చింది. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

పాన్ కార్డు, బ్యాంకు ఖాతా పనుల గురించి ఎక్కువ చెప్పను. ఒకే తీర్మానాన్ని మూడు రకాల వాక్యాలతో మూడుసార్లు రాసి ఇచ్చాను, అంతే. ఆదాయపు పన్ను విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో, సంఘం ఆదాయానికి మినహాయింపు కావాలంటే 12ఏ సెక్షను కింద, మాకు విరాళమిచ్చే దాతకు తన పన్నులో మినహాయింపు కావాలంటే 80జీ సెక్షను కింద నమోదు ఉండవలసి వచ్చేది. ఈ రెండూ కొత్త సంఘానికి మొదట మూడేళ్ళకు తాత్కాలికంగా ఇచ్చేవారు. ఆ దరఖాస్తు నింపుతుండగా ఆడిటరు గారి దగ్గర మా అధ్యక్షురాలు, ఆవిడ విశ్రాంత నర్సు, ఒక సందేహం అడిగారు: లాభాపేక్ష లేని సంఘం అన్నారు కదా, సంవత్సరాంతానికి డబ్బు మిగలకూడదా? చాలామందికి ఈ పొరపాటు ఉంది. మిగలవచ్చు, మిగలాలి కూడా. మిగిలినది సభ్యులు పంచుకోకూడదు, అంతే. సంఘం రద్దయినా మిగిలిన ఆస్తి అలాంటి ఆశయాలున్న మరో సంఘానికి పోవాలి తప్ప మా ఇళ్ళకు రాకూడదని ఉపనియమాలలో రాసుకున్నాము. మా ఆస్తి ఆనాటికి 40 జతల కళ్ళజోళ్ళు, ఒక టేపు, ఒక రబ్బరు స్టాంపు.

నమోదైన సంఘంగా మా మొదటి కార్యక్రమం 2023 మే 6న జరిగింది. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ప్రతి ఊరికీ సంవత్సరంలో రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిలువుగా ఉన్న వస్తువు నీడ దాని కిందే ఒదిగిపోతుంది. అమలాపురం ప్రాంతం ఇంచుమించు 16.55 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది కాబట్టి మాకు ఆ రోజులు మే 6, ఆగస్టు 6 దరిదాపుల్లో వస్తాయి. దక్షిణాన అంతర్వేదికి ఒక రోజు ముందు, ఉత్తరాన రాజమహేంద్రవరానికి రెండు రోజుల తర్వాత. అంటే సూర్యుడు సముద్రం ఒడ్డునుంచి డెల్టా తల వరకు ఎక్కి రావడానికి మూడు రోజులు తీసుకుంటాడన్నమాట. ఆగస్టులో మబ్బులు, మేలో సెలవులు. బడి లేని రోజున, భరణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం జనాన్ని బడి ఆవరణలోకి ఎలా రప్పించాలన్నది మా ముందున్న ప్రశ్న.

"శూన్య ఛాయా దినం" అని ఫ్లెక్సీ కట్టించాము. చదివినవారు అదేదో పూజ అనుకున్నారు. పిల్లల కోసం మీటరు పొడవు పీవీసీ గొట్టాలు 12 కోయించి తెచ్చాము. వాటిని చూసి టిఫిను దుకాణం అక్క, "ఈ గొట్టాలెందుకండీ, నిలబడే రోకళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటే" అంది. మాస్టారు నా వైపు చూశారు. ఆ సాయంత్రమే అక్క నాలుగు వీధులు తిరిగి, శనివారం పదకొండున్నరకు ఎవరి రోకలి వాళ్ళు తెచ్చుకోమని, అరిగిన పొన్ను ఉన్నవే తెమ్మని చెప్పి వచ్చింది. ఫ్లెక్సీకి పెట్టిన ఖర్చు నా పద్దులో అలాగే ఉంది; దానివల్ల వచ్చినవారెవరూ నాకు కనిపించలేదు.

ఆ రోజు బడి వరండా ముందున్న సిమెంటు గచ్చు మీద 26 రోకళ్ళు వరుసగా నిలబడ్డాయి. నేను హాజరు పట్టీ రాశాను కాబట్టి ఆ అంకె ఖాయం. మూడేళ్ళ కిందట తలుపు వేసుకున్న ఆవిడ కూడా తన రోకలితో వచ్చింది. సరిగ్గా పన్నెండు గంటలకు నీడ మాయమవుతుందని అందరూ ఎదురుచూస్తుంటే, పన్నెండు కావడానికి ఇంకా ఒకటి రెండు నిమిషాలు ఉండగానే రోకళ్ళ నీడలు కిందికి ఒదిగిపోయాయి. దీనికి మాస్టారు చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. మన దేశం గడియారాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి పెట్టారు. ఆ రేఖ మన కాకినాడ సమీపంనుంచే పోతుంది. అందువల్ల గడియారంలో మధ్యాహ్నానికీ ఆకాశంలో మధ్యాహ్నానికీ మా ప్రాంతంలో పెద్ద తేడా ఉండదు. మే నెల మొదట్లో సూర్యుడు సగటు గడియారం కంటే మూడు నిమిషాల పైన ముందుంటాడు. అదే ముంబయిలో అయితే అదే రోజున సూర్యుడు నడిమింటికి వచ్చేసరికి పన్నెండున్నర దాటిపోతుంది.

అక్కడ ఉన్న ఒక పెద్దాయన, కౌలు రైతు, ఎనభై దాటినవారు, మాస్టారిని ఒక ప్రశ్న అడిగారు: "మేము కార్తెలు చూసి నారు పోస్తాం కదా, ఆ కార్తెకూ ఈ నీడకూ సంబంధం ఉన్నదా, లేదా?" మాస్టారు మొదట తడబడ్డారు. కార్తె అంటే సూర్యుడు 27 నక్షత్రాలలో ఒక్కొక్కదాని దగ్గర గడిపే 13, 14 రోజుల కాలమనీ, నీడ మాత్రం సూర్యుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నాడన్నదాని మీద ఆధారపడుతుందనీ, రెండింటికీ మూలం సూర్యుడి వార్షిక గమనమేననీ తేల్చుకోవడానికి ఇద్దరికీ అరగంట పట్టింది. భూమి అక్షం చాలా నెమ్మదిగా తిరగడం వల్ల కొన్ని శతాబ్దాలలో కార్తెలు రుతువులతో పోలిస్తే జరిగిపోతాయన్న మాట దగ్గర పెద్దాయన ఒప్పుకోలేదు. మజ్జిగ అయిపోయేవరకు ఆ వాదం నడిచింది. మా కార్యక్రమాలన్నింటిలో నాకు బాగా గుర్తున్నది ఆ అరగంటే. అందులో నేను చేసిన పని గ్లాసులు లెక్కపెట్టడం తప్ప ఏమీ లేదు.

అదే రోజు భూమి చుట్టుకొలత కూడా లెక్కకట్టాలనుకున్నాము. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులోని రెండు ఊళ్ళ నీడలతో చేసిన లెక్కే అది. మా కొబ్బరి వర్తకుడి అల్లుడు రాయపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రాయపూర్ మాకు దాదాపు సూటిగా ఉత్తరాన, పటం మీద సుమారు 520 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి, మధ్యాహ్నపు నీడ 9 సెంటీమీటర్లని ఫోనులో చెప్పింది. మా నీడ సున్నా కాబట్టి, దానిని బట్టి రెండు ఊళ్ళ మధ్య కోణం 5.14 డిగ్రీలు; అన్ని డిగ్రీలకు 520 కిలోమీటర్లయితే 360 డిగ్రీలకు ఎంతన్న లెక్కలో భూమి చుట్టుకొలత 36,400 కిలోమీటర్లు వచ్చింది. అసలు విలువ, ధ్రువాల మీదుగా కొలిస్తే, సుమారు 40,008. పది శాతం లోపే తప్పింది కదా అని మాస్టారు సంతోషించారు. రొయ్యల ప్రయోగశాల కుర్రవాడు మాత్రం ఆ పిల్ల పంపిన ఫొటో పెద్దది చేసి చూసి, కర్ర వాలి ఉన్నదన్నాడు. అతనికి ఉప్పదనంలో ఒక గీత తేడాకు లక్షల రూపాయల రొయ్య పోవడం చూసిన అలవాటు ఉంది. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండులాగా, దారానికి తాళాలగుత్తి కట్టి కర్ర పక్కన వేలాడదీయమని ఆ పిల్లకు చెప్పి, మరునాడు ఇద్దరమూ మళ్ళీ కొలవాలని నిర్ణయించాడు.

మే 7న సూర్యుడు మమ్మల్ని దాటి కొంచెం ఉత్తరానికి పోయాడు. మా కర్ర నీడ ఈసారి దక్షిణం వైపు దాదాపు 0.4 సెంటీమీటర్లు పడింది. రాయపూర్‌లో ఉత్తరం వైపు 7.8 పడింది. మా నీడ ఒకవైపు, వారి నీడ రెండోవైపు కాబట్టి రెండూ కలపాలి. 8.2 సెంటీమీటర్లకు కోణం దాదాపు 4.7 డిగ్రీలు, 360ని దానితో భాగించి 520తో గుణిస్తే 39,800 పైచిలుకు వచ్చింది. సహకార సంఘంలో వడ్డీ లెక్కలు వేసిన చేత్తో ఆ భాగాహారం నేనే చేశాను. అంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉందని చెప్పకపోతే లెక్క రాసేవాడి ధర్మం కాదు: సూర్యబింబమే అర డిగ్రీ వెడల్పు ఉండడం వల్ల మీటరు కర్ర నీడ అంచు దాదాపు ఒక సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది, ఆ మసకలో ఎక్కడ గీత గీస్తామన్నది చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది.

వానాకాలంలో వరద కొలతల పని పెట్టుకున్నాము. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికి నది మోసే నీరు సుమారు 10 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు సెకనుకు 5,600 పైచిలుకు సముద్రంలోకి ఒలకబోసినట్టు. ఈ అంకెలు టీవీలో అందరూ వింటారు, కానీ అక్కడ 13.75 అంటే మా రేవులో ఎన్నో మెట్టు మునుగుతుందో, ఎన్ని గంటల తర్వాత మునుగుతుందో ఏ టీవీ చెప్పదు. రేవు మెట్ల పక్క గోడ మీద, మేస్త్రీ నీళ్ళగొట్టంతో మట్టం చూసి ఇస్తే, అరడుగుకు ఒక గీత చొప్పున రంగు వేయించాము. వరద రోజుల్లో పంటు నడిపేవాళ్ళే గంట గంటకూ గీత చూసి, దుకాణంలో వేలాడదీసిన పుస్తకంలో రాస్తున్నారు. రెండు సీజన్ల అంకెలు చేరాయి. వాటినుంచి ఏదైనా తేల్చడానికి అవి చాలవు. సముద్రపు ఆటుపోట్లు కూడా మట్టాన్ని మారుస్తాయి కాబట్టి, అమావాస్య, పౌర్ణమి రోజులను వేరే రంగుతో గుర్తు పెట్టమని ప్రయోగశాల కుర్రవాడు చెప్పాడు.

చట్టం ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజులలోపల కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. చాలా సంఘాలు నమోదు పత్రానికి చట్రం కట్టించి ఈ దాఖలు మరిచిపోతాయి, తర్వాత ఏదైనా తగాదా వస్తే అసలు కార్యవర్గం ఎవరిదన్నది తేలదు. 2024 జూన్‌లో జరిగిన మా సమావేశంలో ఒకరు ఆరోగ్యం బాగాలేక తప్పుకోగా, వారి స్థానంలో టిఫిను దుకాణం అక్కను అందరూ ప్రతిపాదించారు. జాబితా తీసుకుని నేను ఆవిడ దుకాణానికి వెళ్ళాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, జాబితాలో పేరు, వయసు, చిరునామా, వృత్తి అన్న గడులు చదివి, చదువు ఎంతో రాయనక్కరలేదా అని అడిగింది. ఆ గడి ఈ కాగితంలో లేదన్నాను. సంతకం పెట్టింది.

కలం తిరిగి ఇస్తూ, "గుమాస్తా గారూ, ఆగస్టులో సూర్యుడు వెనక్కి వచ్చేటప్పుడు మన రోకలి నీడ మళ్ళీ మాయమవుతుంది కదండీ, అప్పుడు రాయపూర్ పిల్ల నీడ ఎంత ఉంటుంది?" అని అడిగింది. మాస్టారు ఆ రోజు ఊళ్ళో లేరు. కాసేపు ఆలోచించి, మన నీడ సున్నా అయిన రోజున అక్కడ 8.2 ఉండాలి, మేలో అయినా ఆగస్టులో అయినా అని చెప్పాను. "మరి నిరుడు మే 6న 9 అని ఎందుకు చెప్పింది?" అంది. కర్ర వాలింది కదా అన్నాను. అలాగైతే ఈసారి తాళాలగుత్తి మర్చిపోవద్దని ముందే ఫోను చేయమని చెప్పి, ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.